చప్పుడు గీయించిన మాస్టారు

"అమ్మాయి బొమ్మలేస్తోందామ్మా?" అని అడిగారు మాస్టారు.

"వేస్తోందండి" అన్నాను.

"ఏం వేస్తోంది?"

"చప్పుళ్ళే వేస్తోంది మాస్టారూ."

"అయితే చాలు" అన్నారు. బస్సు కదులుతుంటే ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కారు. కుడిచెయ్యి సంచీ కింద దాచుకున్నారు. పోయిన ఎండాకాలం, నరసరావుపేట బస్టాండులో. మాస్టారికీ నాకూ అవే ఆఖరి మాటలు. నేనన్న రెండు మాటలూ అబద్ధాలే. మా అమ్మాయి బొమ్మలు మానేసి పన్నెండేళ్ళు దాటింది. గుంటూరు ఆస్పత్రిలో నర్సు పని చేస్తోంది. రోగుల కాగితాల మీద తప్ప కలం పెట్టదు.

ఇప్పుడు మాస్టారు పోయారు. ఆయన దగ్గర చదువుకున్న పిల్లలంతా కలిసి ఆయన మీద పుస్తకం వేస్తున్నారట. మా అమ్మాయికి ఫోను చేసి నువ్వూ నాలుగు ముక్కలు రాయమన్నారు. అది రాయనంది. నువ్వు రాయకపోతే పోనీ, నేను చెబుతాను, కూర్చుని రాసిపెట్టు అన్నాను. నాకు బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వరకే వచ్చు. అందుకని నేను చెబుతున్నాను, అది రాస్తోంది.

పుస్తకంలో అందరూ ఆయన మంచే రాస్తారు. రాయాల్సిందే. కానీ మా ఊళ్ళో ఈ రోజుకీ ఆయన మాటెత్తితే కొందరు మగాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుతారు. ఆడపిల్లల కళ్ళకు గుడ్డ కట్టే మాస్టారు కదా అంటారు. ఆ మాట ఆయన మీద పడింది నా చేత్తో. అది తీయకుండా ఎంత మంచి రాసినా మసి గిన్నెలో పాలు పోసినట్టే. అది తీయడానికే కూర్చున్నాను. అయితే ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది ఎంత పనో ఎవరికీ తెలియదు.

ఆయన డ్రాయింగు మాస్టారుగా ఉన్న మా ఊరి హైస్కూల్లో మధ్యాహ్నం అన్నం వండేదాన్ని నేను. వంటపాకకూ డ్రాయింగు గదికీ మధ్య ఒకటే గోడ. గోడలో కిటికీ ఉంది, దానికి రెక్కల్లేవు. కాబట్టి ఆయన పాఠాలన్నీ నేను పప్పు ఉడికిస్తూ విన్నవే. ఏ టీచరమ్మ పాఠమైనా జోలపాటలా ఉండేది. ఈయన పాఠం మాత్రం ఎవరినో కొడుతున్నట్టుండేది. పర్చూరు వైపు మనిషి. వాళ్ళ నాన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్లలో మంట పెట్టేవాడట. ఆదివారం చర్చిలో పాడే గొంతే సోమవారం క్లాసులో అరిచేది. "ఒరేయ్ రాక్షసుల్లారా" అనే పిలుపు. చెవి మీద సుద్దముక్క. ఎవరైనా బొమ్మ చేతికిస్తే ముందు తలకిందులుగా తిప్పేవారు, తర్వాత వాసన చూసేవారు, ఆ తర్వాత కాగితం అంచు రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపేవారు, మిరపకాయ ఎండిందో లేదో చూసినట్టు. "ఎండలేదురా ఇది, మళ్ళీ వెయ్యి" అనేవారు.

రెండు కొండల మధ్య సూర్యుణ్ణో, గులాబీ పువ్వునో గీసుకొచ్చిన పిల్లవాడి గతి చెప్పనక్కర్లేదు. ఆ కాగితాన్ని వాడి కళ్ళ ముందే నాలుగు ముక్కలుగా చింపి వాడి చేతిలోనే పెట్టేవారు. "చింపిన చప్పుడు విన్నావా? అది గీసుకురా" అనేవారు. మొదట్లో పిల్లలు ఏడ్చారు. ఏడ్చినవాణ్ణి కూడా వదల్లేదు, ఆ ఏడుపు ఎటు నుంచి ఎటు పోయిందో గీయమన్నారు. ఈయనకు తిక్క అని నేను కూడా అనుకున్నాను. దీన్ని నైరూప్య చిత్రం అంటారమ్మా అని ఒకసారి చెప్పారు. నాకు నోరు తిరగలేదు. రూపం లేని బొమ్మ అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరైనా బొమ్మ చూసి అదేంటి సార్ అంటే ఆయనకు ఒళ్ళు మండేది. "అదేంటని అడగొద్దు. అదేం చేస్తోందో అడుగు" అనేవారు. ఈ మాట రోజుకు పదిసార్లు వినేదాన్ని.

ఆయన దగ్గర ఒక గోనెసంచి ఉండేది. అందులో ఎండిన పత్తి గుల్లలు, దాచేపల్లి వైపు నుంచి తెచ్చుకున్న సున్నపురాయి, తుమ్మబంక, తెగిన సైకిలు ట్యూబు, ఇంకా ఏవేవో. పిల్లల కళ్ళకు గుడ్డ కట్టి, సంచిలో చెయ్యి పెట్టించేవారు. ఏం తగిలిందో పేరు చెప్పకూడదు. చేతికి ఏమనిపించిందో కాగితం మీద గీతల్లో చెప్పాలి. అందరి ముందూ, తలుపులు తెరిచి, నా కిటికీ ఎదురుగానే జరిగేది ఇది. ఒకరోజు పత్తి గుల్ల ముల్లు ఒక ఆడపిల్ల వేలికి దిగి నెత్తురొచ్చింది. ఆ పిల్ల మా అమ్మాయే. ఎనిమిదో తరగతి అప్పుడు. కిక్కురుమనలేదు. గుడ్డ విప్పాక పెన్సిలు పిడికిట్లో పట్టుకుని కాగితాన్ని పొడిచింది. పొడిచీ పొడిచీ చిల్లులు చేసింది. మాస్టారు ఆ కాగితం ఎత్తి ఎండకు పట్టారు. చిల్లుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా నేల మీద పడింది. క్లాసంతా నేల వంక చూసింది. ఆయన అరవలేదు ఆ రోజు. ఆ కాగితం నలపలేదు కూడా.

కళ్ళకు గుడ్డ కట్టారన్న సంగతి గుర్తుపెట్టుకోండి. దానితోనే నేను ఆయన గొంతు కోశాను.

ఇంకో రోజు కిటికీలోంచి తల పెట్టి "ఏమ్మా, మూకుడు కాగిందా?" అన్నారు. కాగింది మాస్టారూ అన్నాను. "ఎండుమిరపకాయలు గుప్పెడు వెయ్యి. తలుపు మూయొద్దు" అన్నారు. వేశాను. మా ఊరి కాయ ఎలాంటిదో మీకు తెలుసు. గదిలో ఒక్క పిల్ల తిన్నగా కూర్చోలేదు. బెంచీల కింద దూరినవాళ్ళు దూరారు, ముక్కులు కారినవాళ్ళకు కారాయి. ఆయన తనూ దగ్గుతూ, కళ్ళనీళ్ళు కారుతున్నా అరుస్తూనే ఉన్నారు. మిరపకాయ గీసినవాడికి గుండుసున్నా, ఘాటు గీయాలి, ఎక్కడ మొదలైంది, ముక్కులోనా గొంతులోనా, మొదలై ఎటు పోయింది, అది గీయాలి. ఈలోగా హెడ్మాస్టరు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"ఏం పాఠమండీ ఇది?"

"ఘాటండీ."

"మన ఊరి పిల్లలకు ఘాటు నేర్పాలా?"

"తినడం వచ్చండీ వీళ్ళకు. చూడటం రాదు" అన్నారు. అని నా వైపు తిరిగి, "అమ్మా, ఇంకో గుప్పెడు" అన్నారు.

పిల్లల్లో ఒకడు పసుపుపచ్చ గీతలు గీశాడు. అన్నీ ఒకే చోటికి లోపలికి ముడుచుకుపోతున్నాయి. ఆ కాగితం చూస్తే పొయ్యి ఆర్పాక కూడా నాకు దగ్గొచ్చింది. అది మొదలు, రూపం లేని బొమ్మంటే నాకు వెటకారం పోయింది.

మూడోది నల్లమట్టి పాఠం. అది నా పాఠం కూడా.

స్కూలు వెనక గోడకు కొత్తగా సున్నం వేశారు. రేగడిమట్టి నీళ్ళతో తడిపి ముద్దలు చేయించి, గోడ మీదికి విసరమన్నారు. చిన్న కోపం ఒక ముద్ద, పెద్ద కోపం ఒక ముద్ద, ఎవరికీ చెప్పుకోలేని కోపం ఒక ముద్ద. మూడూ వేరువేరుగా పడాలి, చూసినవాళ్ళకు ఏది ఏదో తెలియాలి. పిల్లలకు పండగే. నేను గిన్నెలు తోముతున్నాను. "నువ్వూ రామ్మా" అన్నారు. నాకు కోపాలెక్కడివి మాస్టారూ అన్నాను. "లేకపోతే ఊరికే విసురు" అన్నారు.

ముందురోజు సాయంత్రం నా మొగుడు పత్తికట్టెతో కొట్టిన దెబ్బకు కుడిభుజం పైకి లేవడం లేదు. అందుకని కింద నుంచే విసిరాను. నా చేతిలోంచి అంత జోరుగా పోతుందని నాకు తెలియదు. ముద్ద తగిలిన చోట సున్నం పెచ్చు ఊడి ఇటుక బయటపడింది. పిల్లలు గోల ఆపేశారు.

మాస్టారు గోడ దగ్గరికి వెళ్ళారు. "చూడండిరా. ఇందులో మనిషుందా?"

"లేదు సార్."

"చెయ్యి ఉందా? కర్ర ఉందా?"

"లేదు సార్."

"మరేముంది?"

పిల్లలు గోడకు దగ్గరగా జరిగారు. చివరికి ఒకడు, "దెబ్బ ఉంది సార్" అన్నాడు.

"అదీ. మనిషిని తీసేసినా దెబ్బ ఉంటుంది. అదే మనం నేర్చుకునేది" అన్నారు. నా పొయ్యిలోంచి బొగ్గుముక్క తెచ్చి నా మట్టి మరక చుట్టూ గీత గీశారు. గోడంతా కడిగించినా అది మాత్రం కడగనివ్వలేదు. చేతులు కడుక్కోవడానికి వంటపాకలోకి వచ్చి, నా వంక చూడకుండానే, "భుజానికి ఆముదం వెచ్చజేసి పెట్టుకోమ్మా" అన్నారు. అంతే. పద్నాలుగేళ్ళ కాపురంలో నాకు దెబ్బ తగిలిందని ఇంకో మనిషి నోటితో అనడం అదే మొదలు. మా అమ్మ కూడా అనలేదు.

ఈ పాఠాలన్నిటి కంటే ఆయనకు ఇష్టమైంది బొమ్మ వాయించడం. బొమ్మ అర్థం కావడం లేదన్నవాడికి ఆయన మందు అదే. గీసిన కాగితం ముందు పెట్టుకుని బెంచీ మీద చేత్తో వాయించాలి. పెద్ద మరకకు పెద్ద దెబ్బ, సన్నగీతకు గోరుతో గీకుడు, ఖాళీ వదిలితే ఆ ఖాళీ ఎంతుందో అంతసేపు చెయ్యి ఎత్తి ఆగాలి. ఒకరు గీసింది ఇంకొకరు కూడా వాయించేవారు. అలా వాయించీ వాయించీ ఆ పిల్లలు, ఆయన ఎక్కడి నుంచో తెచ్చిన పెద్ద పెద్ద చిత్రకారుల బొమ్మల్ని కూడా పాట చదివినట్టు చదివేవారు.

ఆ ఏడాది తల్లిదండ్రుల్ని బడికి పిలిచిన రోజున ఆయన ఇదే పెట్టారు. పిల్లలందరికీ ఒకటే పని ఇచ్చారు. సాయంత్రం మీ ఇంటి చప్పుడు గీయండి, మనుషులు ఉండకూడదు, వస్తువులు ఉండకూడదు. ఆడవాళ్ళం బెంచీల మీద కూర్చున్నాం. మగాళ్ళు వెనక గోడకు ఆనుకుని నవ్వుకుంటున్నారు. ఒక పిల్ల గేదె పాలు పితికే చప్పుడు వాయించింది. అది పాలచప్పుడని ఆ పిల్ల నాయనమ్మ ముందు కనిపెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఊరివాళ్ళకు కూడా ఇది అర్థమవుతోందని మాస్టారి మొహం వెలిగిపోయింది.

తర్వాత మా అమ్మాయి లేచింది.

ఆ కాగితం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఒక మూల సన్నగా ఒక గీత. దాని పక్కన నల్లటి ముద్ద. ఆ తర్వాత మూడు మరకలు, ఒకదాని కంటే ఒకటి పెద్దవి, ఇటుకపొడి రుద్దిన ఎరుపు. ఆ తర్వాత సగం కాగితం ఉత్త తెలుపు. అంచున ఒక చిన్న చుక్క.

వాయించింది. గోరుతో బెంచీ మీద గీకింది. అది నా మొగుడి బండి స్టాండు. అరచేత్తో ఒకటి వేసింది. అది పురుగుమందు కొట్టే డబ్బా వసారాలో విసిరేయడం. తర్వాత పిడికిలితో ఒకటి, రెండు, మూడు. మూడో దెబ్బకు బల్ల మీది సుద్దముక్కల డబ్బా కింద పడింది. చెయ్యి పైకెత్తి ఆపింది. ఆపి అలాగే నిలబడింది. ఎంతకీ దించదే. ఆ ఖాళీ ఏమిటో గదిలో నాకొక్కదానికే తెలుసు అనుకున్నాను. అది నేను. నేను అరవను. పక్కింటికి వినపడకూడదని పమిట నోట్లో కుక్కుకుంటాను. ఆ అరవకపోవడాన్ని కూడా నా కూతురు వాయించింది. చివరికి వేలికొసతో ఒక్కటి కొట్టింది, టక్కున. నేను లేచి వెళ్ళి అన్నం గిన్నె మీద మూత పెట్టడం.

వెనక నుంచి మా పక్కింటి ఆయన, నా మొగుడికి వరసకు అన్న, "ఒరేయ్, ఇది మీ ఇంటి చప్పుడే కదరా. రోజూ వింటున్నదేగా" అన్నాడు.

అందరూ నవ్వారు. నా మొగుడూ నవ్వాడు. ఆ నవ్వు ఎలాంటిదో నాకు తెలుసు. మాస్టారు కళ్ళు మూసుకుని వింటున్నారు. ఎప్పుడూ అలాగే వింటారు. కళ్ళు తెరిచేసరికి ఆలస్యమైపోయింది.

ఆయన్ని ఇక్కడ ఒక మాట అంటాను, చనిపోయిన మనిషైనా సరే. ఆ కాగితం ముందే చూశారు. నా భుజం చూశారు. అది ఏ ఇంటి చప్పుడో తెలియని మనిషి కాదు. పాఠం మీది పిచ్చిలో, వింటున్నవాళ్ళలో ఎవరున్నారో చూసుకోలేదు. చూసుకోవాల్సింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక నా మొగుడు ముందు నన్ను ముట్టుకోలేదు. అంతకుముందు ఎప్పుడూ పిల్ల మీద చెయ్యి వేయనివాడు, "ఏ చేత్తో వాయించావే?" అని నెమ్మదిగా అడిగాడు. పిల్ల చెయ్యి చాపింది. మందు కొట్టే ఇత్తడి గొట్టంతో ఆ చేతి మీద కొట్టాడు. ఎన్నో నేను లెక్కపెట్టలేదు. పిల్ల అరిచింది. నాలా కాదు, ఊరంతా వినపడేలా అరిచింది. నేను అడ్డం వెళ్ళి తల పగలగొట్టించుకున్నాను. ఒక్క ఇంటి తలుపు తెరుచుకోలేదు.

మర్నాడు పొద్దున పిల్లను పర్చూరులో మా చెల్లెలి ఇంటికి పంపించేసి, తలకు గుడ్డ కట్టుకుని కల్లానికి పోయాను. ఎండబెట్టిన కాయల్లోంచి తెల్లబోయిన తాలు కాయలు ఏరుతున్నాం, నలుగురైదుగురు ఆడవాళ్ళం. నా మొగుడు కాయలు తిరగేస్తున్నాడు. పిల్ల చెయ్యి సంగతి ఎవరో చెప్పారట, మాస్టారు మోపెడ్ దిగి తిన్నగా వాడి దగ్గరికి వచ్చారు. పిల్ల బడికి రాలేదేమని అడిగారు. రాదు అన్నాడు.

"నా మీద కోపం నా మీద చూపించు. ఆ చెయ్యి జోలికి పోకు" అన్నారు.

"చూపించమంటావా?" అన్నాడు నా మొగుడు.

కాయలు తిరగేసే కర్ర నడుం మీద వేశాడు. పడ్డ మనిషిని మెడ పట్టి మిరపకాయల రాశిలోకి మొహం తొక్కిపెట్టాడు. కాయలు పగిలి గింజలు కళ్ళలోకి, ముక్కులోకి పోయాయి. మాస్టారు బలిష్ఠుడు. తిరగబడితే నా మొగుడు ఒక్క దెబ్బకు కూడా నిలిచేవాడు కాదు. తిరగబడలేదు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. రెండు చేతులూ కాయల మీద చాపి ఉంచారు. నా మొగుడు చెప్పుకాలితో కుడిచేతి వేళ్ళు తొక్కాడు. ఒకసారి కాదు. ఎండుకాయలు నలిగే చప్పుడులో వేళ్ళు విరిగిన చప్పుడు కలిసిపోయింది. ఏది ఏదో ఆయన క్లాసు పిల్లలైతే చెప్పేవాళ్ళు.

మిరప మంటకు నీళ్ళు పనికిరావు. ఇంకా మండుతుంది. అందుకని కల్లానికి వెళ్ళే ప్రతి ఆడదీ మజ్జిగ క్యాను పట్టుకెళ్తుంది. నా క్యాను నా మోకాలి పక్కనే ఉంది. ఆయన కళ్ళు తెరవలేక గాల్లో చేతులు చాపుతున్నారు. నేను తాలు కాయలు ఏరుతూనే ఉన్నాను. చివరికి మాలో ముసలామె ఒకామె లేచి తన మజ్జిగ ఆయన మొహాన పోసింది. నేను పోయలేదు. రాయి. నేను పోయలేదని నువ్వు రాయి.

మూడో రోజున మా అరుగు మీద నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. మాస్టారు పోలీసుల దగ్గరికి పోతాడేమో, పోకముందే మనం ఒక కాగితం పుట్టిస్తే నోరెత్తడు అన్నారు. ఊళ్ళో ఎవరేమంటే నమ్ముతారో వాళ్ళకు తెలుసు. ఆయన ఊరి పెద్దింటి మనిషి కాదు, చర్చి పక్క పల్లె నుంచి చదువుకుని పైకొచ్చిన మనిషి. ఆ నలుగురిలో ఒకాయన రాశాడు. కళ్ళకు గుడ్డ కట్టి, పిల్ల ఒంటి మీద చెయ్యి వేశాడని రాశాడు. గుడ్డ కట్టింది నిజం. ఊరి పిల్లలందరూ ఎరుగుదురు. ఆ నిజానికి ఆ అబద్ధం అతికించారు. తల్లి వేలిముద్ర పడాలి అన్నారు.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా రాయి అమ్మాయ్.

వేలు పెడితే ఇక పిల్ల జోలికి రాను అన్నాడు నా మొగుడు. అందుకు పెట్టాను అని చెప్పుకోవచ్చు. భయపడి పెట్టాను అని చెప్పుకోవచ్చు. రెండూ ఉన్నాయి. కానీ వాటికంటే ముందు ఇంకోటి ఉంది. నాకు మాస్టారి మీద కసి ఉంది. పద్నాలుగేళ్ళు పమిట నోట్లో కుక్కుకుని దాచుకున్నదాన్ని ఊరి ముందు బెంచీ మీద పెట్టి వాయించాడు కదా అని. నా మొగుడు కొట్టిన దెబ్బల కంటే ఆ రోజు గదిలో వాళ్ళు నవ్విన నవ్వు నాకు ఎక్కువ తగిలింది. నా మొగుణ్ణి నేనేమీ చేయలేను. ఆయన్ని చేయగలను. చేశాను.

ఆ కాగితం హెడ్మాస్టరుకు చేరిన రోజున నేను వంటపాకలో ఉన్నాను. మాస్టారు కుడిచేతికి కట్టు, కళ్ళు ఇంకా ఉబ్బి ఉన్నాయి. హెడ్మాస్టరు డ్రాయింగు గదిలోకే వచ్చి, తలుపు వేసి, కాగితం చూపించాడు. కిటికీ సంగతి ఇద్దరూ మరిచిపోయారు. మాస్టారు ఎడమచేత్తో కాగితం అందుకుని చదివారు. తర్వాత ఒక్కటే అడిగారు.

"ఇది ఆమెకు చదివి వినిపించారా అండీ?"

"చదువురాని మనిషి. వేలు పెట్టమంటే పెట్టి ఉంటుంది. ఆమెకేం తెలుసండీ" అన్నాడు హెడ్మాస్టరు.

"అయితే ఆమె తప్పేం లేదు" అన్నారు మాస్టారు.

నా పప్పు అడుగంటింది. మాడు వాసన వస్తున్నా గరిటె కదపలేకపోయాను. గోడకు ఇవతల నిలబడి, ఒక్క మాట అనాలి నేను. నాకు తెలుసు అని అనాలి. అనలేదు. వారం తిరక్కుండా ఆయనే బదిలీ పెట్టుకుని దాచేపల్లి వైపు వెళ్ళిపోయారు. కేసు పెట్టలేదు. విరిగిన రెండు వేళ్ళు మళ్ళీ వంగలేదని, ఎడమచేత్తో సుద్దముక్క పట్టడం నేర్చుకున్నారని తర్వాత విన్నాను. ఐదేళ్ళకు ట్రాక్టరు తిరగబడి నా మొగుడు పోయాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ ఇంట్లో సాయంత్రాలు ఇప్పుడు ఏ చప్పుడూ ఉండదు.

బస్టాండులో ఆయన నన్ను అంత ప్రేమగా పలకరించారంటే ఎందుకనుకున్నారు? నాకు తెలియక చేశాననే నమ్మారు. ఆ నమ్మకంతోనే పోయారు. నువ్వూ ఒకసారి నన్నే అడిగావు అమ్మాయ్, పర్చూరు నుంచి వచ్చినప్పుడు. ఏమ్మా, ఆ కాగితం మీద వేలు పెట్టింది నువ్వేనటగా అన్నావు. నాకు చదువు రాదు కదే, వాళ్ళేం రాశారో నాకేం తెలుసు అన్నాను. నువ్వు నా తల నిమిరావు. అప్పటి నుంచీ ఇంకోసారి అడగలేదు.

చదివి వినిపించారమ్మాయ్. ఆ రాసినాయన అరుగు మీద గట్టిగా, మాట మాటా విడదీసి చదివాడు. ఒకసారి కాదు. మొదటిసారి విన్నాక, ఆ చెయ్యి వేశాడన్న చోట ఇంకోసారి చదవండి అని నేనే అడిగాను. చదివాడు. విని, అప్పుడు పెట్టాను వేలు.

మాస్టారు ఏ పిల్ల మీదా చెయ్యి వేయలేదు. నా కూతురి మీద వేయలేదు. నేను తెలిసి అబద్ధం చెప్పాను. ఇది పుస్తకంలో నా పేరుతో పడాలి. మంచిమాటల మధ్య ఎక్కడో కాదు, ఊళ్ళోవాళ్ళు పుస్తకం తెరవగానే కనపడే చోట పడాలి.

ఎందుకు ఆపావు? కలం పట్టుకో. కళ్ళు తుడుచుకుని పట్టుకో. నన్ను తర్వాత తిట్టొచ్చు, ఇంటికి రాకపోయినా నేనేమీ అనను. ముందు ఇది పూర్తి కానీ.

రాశావా? ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. నెమ్మదిగా చదువు. పాపం అమ్మ కదా అని, తెలియక చేసింది అనే మాట ఎక్కడైనా దూర్చావేమో వినాలి నేను.